143వ పేజీ దగ్గర ఆగిపోయిన థీసిస్

తిరుపతిలో డిగ్రీ, పీజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాత రూపం

అందరికీ నమస్కారం.

బాలాజీ కాలనీలో నాకు ఒక చిన్న డీటీపీ షాపు ఉంది. యూనివర్సిటీ దగ్గరే కాబట్టి మాకు పెళ్లి పత్రికల కంటే థీసిస్‌లే ఎక్కువ వస్తాయి. తెలుగు శాఖ, చరిత్ర, జానపదం, సంస్కృతం. వాళ్లు చేతిరాత కాగితాలు తెస్తారు, మేం కొడతాం, వాళ్లు ప్రూఫులు దిద్దుతారు, మేం మళ్లీ కొడతాం. నేను ప్రోగ్రామర్‌ను కాను. నాకు కోడ్ రాయడం రాదు. ఈ మాట ముందుగానే చెప్తున్నాను, ఎందుకంటే నేను మాట్లాడబోయేది కోడ్ రాని వాళ్లు చేయాల్సిన పని గురించి.

కొన్నేళ్ల కిందటి సంగతి. డిసెంబరు నెల, రాత్రి తొమ్మిది దాటింది. పీలేరు వైపు నుంచి వచ్చి చదువుకున్న ఒక అమ్మాయి పీహెచ్‌డీ థీసిస్, 280 పేజీలు. మరుసటి రోజు పదిన్నరకు సబ్మిషన్. ప్రింట్ తీసి బైండింగ్‌కు ఇవ్వడమే మిగిలింది. ఆఖరిసారి చూసుకుందామని ఫైలు తెరిచి పేజీలు జరుపుతున్నాం. 143వ పేజీ రాగానే ప్రోగ్రామ్ దానంతటదే మూసుకుపోయింది. మళ్లీ తెరిచాం. ఫైలును రికవర్ చేస్తానంది, చేసింది. మళ్లీ 143 దగ్గర మూసుకుపోయింది. అప్పట్లో మా షాపులో వాడుతున్నది ఒక ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే, ఆఫీస్ ప్రోగ్రామ్. ఆ అమ్మాయి ఒక్కటే మాట: "అన్నా, నాలుగేళ్ల కష్టం అన్నా." వాళ్ల నాన్న షాపు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. లోపల ఏం జరుగుతోందో ఆయనకు అర్థం కావడం లేదు గానీ కూతురి మొహం చూసి లేచి నిలబడ్డాడు.

ఫైలు కాపీ తీసి, రెండో సగం కొట్టేసి చూశాం. మూసుకుపోలేదు. అయితే తప్పు రెండో సగంలోనే ఉందన్నమాట. మొదటి సగం తీసేసి, రెండో సగంలో మళ్లీ సగం తీశాం. అలా తగ్గించుకుంటూ పోతే రాత్రి రెండింటికి ఒకే ఒక్క వాక్యం మిగిలింది. అది 143లో లేదు, 147లో ఉంది. పేజీ తెర మీదికి రాకముందే ప్రోగ్రామ్ దాని అమరిక కట్టుకుంటుంది కాబట్టి నాలుగు పేజీల ముందే పడిపోతోంది. ఆ వాక్యం ఒక పాత డీటీపీ ఫైలు నుంచి, ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లోకి మార్చి తెచ్చిన ఉల్లేఖనం. మార్చేటప్పుడు ఒక అక్షరానికి రెండు పొల్లులు వరసగా పడ్డాయి. దానికి తోడు ఆ వాక్యానికి మాత్రం ఎక్కడి నుంచో దించుకున్న ఒక పాత ఫాంట్ పెట్టి ఉంది. పొల్లు ఒకటి తీసేసి, ఫాంట్ మార్చాం. 280 పేజీలూ సాఫీగా జరిగాయి. తెల్లవారేసరికి ప్రింట్లు చేతికిచ్చాం.

నా పని అయిపోయిందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఎనిమిది నెలల తర్వాత చిత్తూరు నుంచి ఒక గవర్నమెంటు స్కూల్ టీచరు వచ్చారు. ఎం.ఫిల్ డిసర్టేషన్. రెండు రాత్రులు నిద్ర లేదన్నారు. ఫైలు తెరిస్తే మూసుకుపోతోందట, సగం అధ్యాయం మళ్లీ కొట్టుకున్నారట. చూస్తే అదే ఫాంట్, అవే జంట పొల్లులు. పది నిమిషాల్లో సరిచేసి ఇచ్చాను. ఆయన చేతులు పట్టుకుని థాంక్స్ చెప్తుంటే నాకు లోపల చాలా బాధేసింది. ఎనిమిది నెలల కిందటే నేను ఈ సంగతి ఆ ప్రోగ్రామ్ చేసేవాళ్లకు తెలియజేసి ఉంటే ఈయన రెండు రాత్రులు పోయేవి కావు. నేను సరిచేసింది ఒక ఫైలును. జబ్బు మాత్రం అక్కడే ఉండిపోయింది.

నేను ఈ రోజు ఇక్కడికి రావడానికి కారణం అదే. తెలుగు ఫైలు పడిపోతే ఆ సంగతి తెలిసేది తెలుగు కొట్టే వాళ్లకే. మనం చెప్పకపోతే ప్రపంచంలో ఇంకెవరూ చెప్పరు. కొన్ని లక్షల మంది ఇంగ్లీషులో టైప్ చేసే చోట ఒక తప్పు ఉంటే ఎవరో ఒకరికి తగులుతుంది, ఎవరో ఒకరు చెప్తారు. మన లిపిలో జంట పొల్లుల దగ్గర గుంత ఉందని బెర్లిన్‌లో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

ముందు ఈ ప్రోగ్రాముల పుట్టుక గురించి కొంచెం చెప్తాను, ఎందుకు పడిపోతాయో తెలియాలంటే అది అవసరం. ఇప్పుడు మనలో చాలామంది వాడుతున్న లిబ్రే ఆఫీస్ వేళ్లు జర్మనీలో ఉన్నాయి. 1985లో మొదలైన స్టార్ డివిజన్ అనే కంపెనీ స్టార్ ఆఫీస్‌ను తయారుచేసింది. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ దాన్ని కొన్నది. 2000లో కోడ్‌ను అందరికీ తెరిచింది, అలా ఓపెన్ ఆఫీస్ వచ్చింది. 2010లో సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరు 28న, ఆ కోడ్ మీద పనిచేస్తున్న వాళ్లలో చాలామంది బయటికి వచ్చి ది డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టారు. 2011 జనవరిలో లిబ్రే ఆఫీస్ 3.3 విడుదలైంది. అంటే మీ కంటే పెద్దదైన కోడ్ ఇది. ఎందరో రాశారు, ఎందరో వెళ్లిపోయారు. ప్రోగ్రామర్లు కోడ్ పక్కనే తమ కోసం వివరణలు రాసుకుంటారు కదా, అవి చాలాచోట్ల జర్మన్‌లో ఉండిపోయాయి. కొత్తగా చేరేవాళ్లకు మొదట్లో ఇచ్చిన పనుల్లో ఆ జర్మన్ వివరణలను ఇంగ్లీషులోకి మార్చడం ఒకటి. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చేశారు. నాకు ఈ విషయం చాలా ఇష్టం. ప్రోగ్రామ్‌కు కొత్త సౌకర్యం ఒక్కటీ రాలేదు, కానీ తర్వాత వచ్చేవాడికి లోపల ఏముందో అర్థమయింది. పాత ఇంటికి వైరింగ్ ఎక్కడెక్కడ పోయిందో గీసి పెట్టడం లాంటిది ఆ పని.

ఇక అంత పాత ఇల్లు ఇప్పుడు ఎన్ని చోట్ల బయటి వాళ్ల మీద ఆధారపడుతుందో చూడండి. ఫాంట్ ఎవరో చేసింది. ప్రింటర్ డ్రైవర్ ప్రింటర్ కంపెనీ వాళ్లది. తెర మీద బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ డ్రైవర్ కావాలి. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నడవాలి. ఇవన్నీ కాక, ఇంకొక కంపెనీ ప్రోగ్రామ్‌లో తయారైన డాక్ఎక్స్ ఫైలు తెరవాలి. ఆ ఫార్మాట్ 2006లో మొదటిసారి ప్రమాణంగా వచ్చినప్పుడు దాని వివరణే 6,000 పేజీలు దాటింది. లిబ్రే ఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీఎఫ్ కూడా అదే 2006లో ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణమైంది. మీరు థీసిస్ ఓడీటీలో, అంటే ఓడీఎఫ్ పత్రంగా, రాసుకుని చివర్లో ఒక్కసారి మాత్రం డాక్ఎక్స్‌లోకి మారిస్తే ఇబ్బందులు సగానికి తగ్గుతాయి. ప్రతిసారీ డాక్ఎక్స్‌లోనే సేవ్ చేస్తే ప్రతిసారీ అనువాదం జరుగుతున్నట్టే.

మన దగ్గర అలవాటు ఏమిటంటే ఏం జరిగినా "హ్యాంగ్ అయింది" అంటాం. ఈ ఒక్క మాట వల్ల చాలా నష్టం జరుగుతోంది. ప్రోగ్రామ్ దానంతటది మూసుకుపోతే అది క్రాష్. తెర అలాగే ఉండి కదలకపోతే అది హ్యాంగ్. ఫైలు తెరుచుకుంది గానీ పట్టిక పక్క పేజీకి పోయింది, వత్తులు ఊడిపోయాయి అంటే అది వేరే జాతి. నిన్న సేవ్ చేసింది ఈ రోజు లేదంటే అది అన్నిటికన్నా ప్రమాదం, దాన్ని డేటా లాస్ అంటారు. డాక్టరు దగ్గరికి పోయి "ఒంట్లో బాలేదు" అని ఊరుకుంటామా? ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం తింటే ఎక్కువవుతోంది అని చెప్తాం. ఇక్కడా అంతే.

ఆ ప్రోగ్రామ్ చేసేవాళ్లకు ఈ తప్పు గురించి నేను రాసిన మొదటి రిపోర్టులో ఇవేవీ చెప్పలేదు. "తెలుగు సరిగ్గా పనిచేయడం లేదు, దయచేసి వెంటనే సరిచేయండి" అని వచ్చీరాని ఇంగ్లీషులో రాశాను. మర్యాదగా జవాబు వచ్చింది: వెర్షన్ ఏది, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ ఫాంట్, ఏం చేస్తే పడిపోతోంది, చిన్న నమూనా ఫైలు పంపగలరా? అప్పుడు కూర్చుని మూడు వరుసల ఫైలు తయారుచేశాను. మొదటి వరుసలో మంచి పదం, రెండో వరుసలో జంట పొల్లుల పదం, మూడో వరుసలో మళ్లీ మంచి పదం. ఫైలు తెరవండి, రెండో వరుస దగ్గర మూసుకుపోతుంది అని రాశాను. తెలుగు ఒక్క అక్షరం రాని మనిషి ఎక్కడో కూర్చుని అదే చేసి చూసి, "నాకూ అలాగే జరిగింది" అని నిర్ధారించారు. ఆ ఒక్క వాక్యం చదివినప్పుడు నాకు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు. తప్పు ఫాంట్‌లోని ఒక పట్టికలోనే ఉందని తేలింది. అయినా ఫాంట్ చెడ్డదైతే అక్షరం వికారంగా కనపడాలి గానీ ప్రోగ్రామ్ పడిపోకూడదు కదా. అక్కడ ఒక కాపలా పెట్టారు.

లిబ్రే ఆఫీస్‌కు ఈ పని జరిగే చోటు బగ్‌జిల్లా అనే వెబ్‌సైట్. బగ్ అంటే ప్రోగ్రామ్‌లోని తప్పు. మీరు రిపోర్టు పెట్టగానే అది ఎవరూ నిర్ధారించని స్థితిలో ఉంటుంది. ఇంకొకరు తమ కంప్యూటర్‌లో చేసి చూసి నిర్ధారిస్తే ముందుకు పోతుంది. వివరాలు చాలకపోతే మిమ్మల్ని అడిగి ఆగుతారు. నెలల తరబడి జవాబివ్వకపోతే మూసేస్తారు. మన వాళ్ల రిపోర్టులు ఎక్కువగా ఇక్కడే చచ్చిపోతాయి. రాస్తాం, మరిచిపోతాం. అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పం. కొత్తగా రాయకపోయినా సరే, అక్కడ ఉన్న భారతీయ భాషల రిపోర్టులు తెరిచి, ఇప్పటి వెర్షన్‌లో కూడా ఆ తప్పు ఉందా అని చేసి చూసి ఒక వాక్యం రాయండి. అరగంట పని. అది పెద్ద సాయం.

ఇంకో సంగతి. జనం బగ్‌జిల్లాలకు పంపిన ఫైళ్లు వేల కొద్దీ పోగయ్యాయి. లిబ్రే ఆఫీస్ వాళ్లు ఆ ఫైళ్లను యంత్రంతో ఒక్కొక్కటిగా తెరిపించి, వేరే ఫార్మాట్లలో సేవ్ చేయించి, ఎక్కడైనా పడిపోతోందా అని చూస్తుంటారు. కోడ్ మారుతున్న కొద్దీ ఈ పరీక్ష మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఇప్పుడు ఆలోచించండి. ఆ కుప్పలో తెలుగు ఫైళ్లు ఎన్ని ఉంటే తెలుగుకు అంత కాపలా. మీరు పంపే మూడు వరుసల ఫైలు ఈ ఏడాది తప్పును పట్టించి ఊరుకోదు, మీరు చదువు ముగించి వెళ్లిపోయాక కూడా ఎవరో మార్చిన కోడ్ తెలుగును పడగొడుతుంటే పట్టిస్తుంది.

నమూనా ఫైలు గురించి ఒక జాగ్రత్త. థీసిస్ మొత్తం పంపకండి. ఎవరిదో పొలం కాగితమో, ఆధార్ వివరాలున్న దరఖాస్తో అసలే పంపకండి, అక్కడ పెట్టింది లోకమంతా చూస్తుంది. ఇంగ్లీషు వాళ్లకు ఒక సులువైన మార్గం ఉంది, అక్షరాలన్నిటినీ ఎక్స్‌తో మార్చేసి పంపుతారు. మనకు అది పనికిరాదు. తెలుగు అక్షరాలు తీసేస్తే జబ్బు కూడా పోతుంది. కాబట్టి మనకు సగం సగం తీసుకుంటూ పోవడమే దారి. 280 పేజీలైనా పది, పన్నెండు సార్లలో ఒక పేరా దగ్గరికి చేరతారు.

ఇదే కిటుకుతో ఇంకా పెద్ద పని ఉంది, దాన్ని బైబైసెక్ట్ అంటారు. పాత వెర్షన్‌లో బాగుంది, కొత్తదాంట్లో చెడింది అనుకోండి. మధ్యలో వెయ్యి మార్పులు జరిగి ఉండవచ్చు. ఏ మార్పు చెడగొట్టింది? నిఘంటువులో పదం వెతికినట్టు నడిమికి తెరిచి చూడాలి. బాగుంటే తర్వాతి సగం, చెడితే ముందు సగం. వెయ్యి మార్పులైతే పది చూపుల్లో దొరుకుతుంది. ఇందుకోసం ఎప్పటికప్పటి ప్రోగ్రామ్‌లను తయారుచేసి ఒకచోట పెట్టి ఉంచారు. మీరు చెప్పాల్సింది "పనిచేసింది", "పనిచేయలేదు" అనే రెండు మాటలే. కొన్ని జీబీలు దించుకోవాలి, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ అనే పరికరం కమాండ్లు నాలుగు నేర్చుకోవాలి. కంప్యూటర్స్ చదివే పిల్లలకు ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ల కోసం పరుగులు పెట్టే కన్నా ఈ పని ఎక్కువ నేర్పుతుందని నా గట్టి నమ్మకం.

రిపోర్టు రాసే ముందు మన వైపు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సహాయం మెనూలో సేఫ్ మోడ్‌లో మళ్లీ తెరవమనే వీలుంది, 5.3 వెర్షన్ నుంచి ఉంది. అందులో పడిపోకపోతే ప్రోగ్రామ్ మంచిదే, మీ సెట్టింగులు దాచుకునే యూజర్ ప్రొఫైల్ పాడయింది, లేదంటే మీరు వేసుకున్న ఎక్స్‌టెన్షన్ పడటం లేదు. 2020లో వచ్చిన 7.0 నుంచి విండోస్‌లో తెర మీద గీసే పని స్కియా అనే లైబ్రరీ చేస్తోంది. పాత గ్రాఫిక్స్ డ్రైవర్ ఉన్న కంప్యూటర్లలో అనుమానం వస్తే ఆప్షన్స్‌లో స్కియాను ఆపి చూడండి. ఆటో రికవరీ మామూలుగా పది నిమిషాలకోసారి ఉంటుంది, మా షాపులో మూడు నిమిషాలకు పెట్టాం. అయినా అది సేవ్‌కు బదులు కాదు, కంట్రోల్ ఎస్ వేలికి అలవాటు కావాలి. బ్యాకప్ కాపీ ఆప్షన్ కూడా పెట్టుకోండి. ఇంకొకటి, ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి, ఆగస్టు ప్రాంతాల్లో పెద్ద వెర్షన్ వస్తుంది. సబ్మిషన్ వారంలో కొత్త వెర్షన్ వేయవద్దు. పని నడవాల్సిన కంప్యూటర్‌లో తప్పులు దిద్దుకుని కుదురుకున్న ముందరి వెర్షనే ఉంచండి, కొత్తది పక్కన ఇంకో కంప్యూటర్‌లో పరీక్షించండి.

"ఫాంట్ మార్చినా మారట్లేదన్నా" అని రోజూ ఎవరో ఒకరు వస్తారు. అది బగ్ కాదు. లిబ్రే ఆఫీస్‌లో ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంట్, తెలుగు లాంటి లిపులకు సీటీఎల్ పేరుతో ఇంకో ఫాంట్ విడిగా ఉంటాయి. స్టైల్‌లో సీటీఎల్ ఫాంట్‌ను మార్చాలి. ఈ ఒక్క సంగతి తెలుగులో బొమ్మలతో రెండు పేజీలు రాసి పెడితే ఎంతమందికి టెన్షన్ తగ్గుతుందో. అదీ సాయమే.

ఇవన్నీ ఉచితంగా ఊరికే జరిగిపోతున్నాయని మీరనుకోవద్దు. లిబ్రే ఆఫీస్ కోడ్‌లో చాలా భాగం కొలాబొరా లాంటి కంపెనీల్లో జీతానికి పనిచేసే ప్రోగ్రామర్లు రాస్తారు. ఫౌండేషన్ విరాళాల మీద నడుస్తుంది. జర్మనీలో ష్లెస్విగ్ హోల్‌స్టైన్ అనే రాష్ట్రం 30,000 కంప్యూటర్లను లిబ్రే ఆఫీస్‌కు మారుస్తామని 2024లో ప్రకటించింది. ఆ స్థాయిలో వాడేవాళ్లకు ఇబ్బంది వస్తే డబ్బిచ్చి బాగు చేయించుకోగలరు. మన పక్కన కేరళలో గవర్నమెంటు బడుల్లో ఏళ్లుగా ఫ్రీ సాఫ్ట్‌వేరే నడుస్తోంది, అన్ని బడుల్లో పిల్లలు మలయాళంలో టైప్ చేస్తుంటే తప్పులు బయటపడక తప్పదు. తెలుగుకు అలా డబ్బు పెట్టి అడిగేవాళ్లు లేరు. మన యూనివర్సిటీలు, మన ఆఫీసులు అడగాలి, అడిగేదాకా ఆ భారం వాడేవాళ్ల మీదే ఉంది. నాకు ఇది న్యాయంగా అనిపించదు, అయినా ఉన్న స్థితి ఇది.

చివరగా స్పెల్ చెక్ గురించి, ఎందుకంటే ఇక్కడ తెలుగు శాఖ పిల్లలు ఉన్నారు. లిబ్రే ఆఫీస్ వాడే స్పెల్ చెక్ పరికరం హన్‌స్పెల్ మొదట హంగేరియన్ భాష కోసం చేసింది. అది కూడా మన భాష లాగే మాట మీద మాట అతికించుకుంటూ పోయే భాష. కాబట్టి "వెళ్లాలనుకుంటున్నవాళ్లందరికీ" లాంటి మాటను అర్థం చేసుకునే శక్తి ఆ పరికరానికి ఉంది. అందులో వేయాల్సిన తెలుగు ప్రత్యయాల నియమాలు, పదాల జాబితా సమకూర్చాల్సింది వ్యాకరణం తెలిసిన వాళ్లు. ఏ ధాతువుకు ఏ ప్రత్యయం చేరితే ఏ సంధి జరుగుతుందో కంప్యూటర్ డిపార్ట్‌మెంట్ వాళ్లకు మీరే చెప్పాలి. ఇప్పుడు మంచి తెలుగు పేజీ నిండా ఎర్ర గీతలు పడుతుంటే పిల్లలు స్పెల్ చెక్‌నే ఆపేస్తున్నారు, దాంతో నిజమైన తప్పులు కూడా ప్రింట్‌కు పోతున్నాయి. మా షాపులో రోజూ చూస్తున్నాను. మెనూల అనువాదం వెబ్లేట్ అనే వెబ్‌సైట్‌లో జరుగుతుంది, అక్కడా తెలుగుకు చేతులు కావాలి. అనువాదంలో ఒక్క జాగ్రత్త: వాక్యం మధ్యలో డాలర్ గుర్తుతోనో, శాతం గుర్తుతోనో కొన్ని ముక్కలు ఉంటాయి, ఆ చోట ప్రోగ్రామ్ ఫైలు పేరో అంకో నింపుకుంటుంది. వాటిని తాకకండి.

నేను మాట్లాడటం ఇక ఆపుతాను, ల్యాబ్‌లో ఎక్కువ సమయం కావాలి. పెన్‌డ్రైవ్‌లో నాలుగు ఫైళ్లు తెచ్చాను. నాలుగూ ఈ ఏడాది మా షాపుకు వచ్చినవే, పేర్లు, సొంత వివరాలు తీసేసి, ఇచ్చిన వాళ్ల అనుమతి తీసుకునే తెచ్చాను. ఒకదాంట్లో పట్టిక ఉన్న పేజీ దగ్గర ప్రోగ్రామ్ మూసుకుపోతోంది, 64 పేజీలుంది. ఇద్దరిద్దరు ఒక సిస్టమ్ దగ్గర కూర్చోండి. ఒకరు తెలుగు శాఖ, ఒకరు కంప్యూటర్స్. ముందు కాపీ తీసుకోండి, తర్వాత సగం కొట్టేయండి.